పాత ఇంటర్‌కమ్ డబ్బాను కొత్త కంప్యూటర్‌కు, ఫైబర్ లైన్‌కు కలపడం ఎలా: సీరియల్ అడాప్టర్ నుంచి మొదలుపెట్టి మొత్తం పని

నల్లగొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రి వాళ్లు రిసెప్షన్‌లో కంప్యూటర్ మార్చిన మర్నాడే ఫోన్ చేశారు. "అన్నా, డబ్బా ఖరాబైంది, కాల్స్ లెక్క వస్తలేదు, కొత్తది పెట్టేద్దామా?" అని. వెళ్లి చూస్తే డబ్బా లక్షణంగా ఉంది, వార్డుల్లో ఫోన్లన్నీ మోగుతున్నాయి. జరిగిందల్లా ఒకటే. కొత్త కంప్యూటర్ వెనకాల తొమ్మిది పిన్నుల పోర్టు లేదు, ఇన్నేళ్లూ దానికి తగిలించి ఉన్న కేబుల్ టేబుల్ కింద దుమ్ములో పడి ఉంది. ఆ కేబుల్‌కు వెయ్యి రూపాయల అడాప్టర్ పెడితే అయిపోయే పనికి ఈపీఏబీఎక్స్ (ఆ ఇంటర్‌కమ్ డబ్బానే) మొత్తం మార్చడానికి కొటేషన్ కూడా తెప్పించుకున్నారు.

ఇలాంటి పనుల్లో డబ్బా తప్పు ఉండటం అరుదు. అడాప్టర్ తప్పు కొంచెం ఎక్కువ. అసలు గొడవంతా ఆ రెంటి మధ్య ఉన్న రెండు వైర్లది, అంటే ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరు వింటున్నారు అన్నది. అది తేల్చుకోకుండా డ్రైవర్లు మార్చడం, కంప్యూటర్ ఫార్మాట్ కొట్టడం మొదలుపెడితే రోజు పోతుంది. ఒకసారి నాకూ పోయింది, ఆ కథ కింద చెప్తాను.

ముందు డబ్బా మూత తీసి చూడండి

చేతిలో టార్చి, మల్టీమీటర్, చిన్న స్క్రూడ్రైవర్ చాలు. పానాసోనిక్ కావచ్చు, మ్యాట్రిక్స్ కావచ్చు, సింటెల్ కావచ్చు, పాత ఈపీఏబీఎక్స్‌లలో చాలావాటికి కంప్యూటర్‌తోనో ప్రింటర్‌తోనో మాట్లాడటానికి ఒక ఆర్ఎస్-232 పోర్టు, అంటే సీరియల్ పోర్టు ఉంటుంది. ఉదాహరణకు మన దగ్గర ఆఫీసుల్లో ఎక్కువగా కనబడే పానాసోనిక్ 824 మోడల్, అదే 8 ట్రంక్ లైన్లు (బయటినుంచి వచ్చే ఫోన్ లైన్లు), 24 ఎక్స్‌టెన్షన్ల (లోపలి ఫోన్ల) దాకా పెంచుకోగలిగే డబ్బా, దానికి ఈ సీరియల్ పోర్టూ ఉంది, ప్రోగ్రామింగ్‌కు యూఎస్‌బీ పోర్టూ ఉంది. ప్రతి కాల్ అయ్యాక తేదీ, టైము, ఎక్స్‌టెన్షన్ నంబరు, ట్రంక్ నంబరు, డయల్ చేసిన నంబరు, ఎంతసేపు మాట్లాడారు, ఇవన్నీ ఒక లైనుగా ఆ సీరియల్ పోర్టులోంచి బయటికి వస్తాయి. దీన్నే ఎస్ఎండీఆర్ అంటారు. ఒకప్పుడు డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ కర్‌కర్‌మని కొట్టి చూపించేది ఇదే.

పోర్టు మూడు రకాలుగా కనబడొచ్చు: 9 పిన్నులది, 25 పిన్నులది, లేదా ఫోన్ సాకెట్‌లాగే ఉండే చిన్న జాక్. ఈ మూడో దానితోనే ప్రమాదం. చూడ్డానికి అచ్చం టెలిఫోన్ జాక్‌లా ఉంటుంది కాబట్టి ఎవరో ఒకరు అందులో ఫోన్ లైన్ గుచ్చేస్తారు. మామూలు లైన్‌లోనే 48 వోల్టులు ఉంటాయి, రింగ్ వచ్చినప్పుడు 75 వోల్టుల ఏసీ వస్తుంది. సీరియల్ చిప్ ఓర్చుకునేది 25, 30 వోల్టుల దాకానే. పోర్టు పక్కన ఏం రాసుందో చదవకుండా ఏదీ గుచ్చకండి.

అడాప్టర్ ఏది కొనాలి

లోపల ఏ చిప్ ఉందన్నదే ముఖ్యం, పైన డబ్బా రంగు కాదు. మార్కెట్లో నాలుగు కుటుంబాలు: ఎఫ్‌టీడీఐ, ప్రొలిఫిక్ 2303, సీహెచ్340, సీపీ2102. ఆఫీసులో ఏళ్ల తరబడి కదలకుండా ఉండాల్సిన పనికి నేను ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్నదే పెడతాను. కారణం కింద డ్రైవర్ దగ్గర చెప్తాను. సీహెచ్340 చౌక, పనీ చేస్తుంది, బ్యాగులో టెస్టింగ్‌కు అదే ఉంటుంది. ప్రొలిఫిక్‌తో తలనొప్పి ఎక్కువ, ఎందుకంటే పాత చిప్‌లను, నకిలీలను కొత్త విండోస్ డ్రైవర్ గుర్తుపట్టి పనిచేయనివ్వదు. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు, కోడ్ 10 అని కనబడితే చాలాసార్లు కథ ఇదే. మీ సెట్టింగ్ తప్పు కాదు, అడాప్టర్ వాపస్ ఇచ్చేయండి.

ఇంకో ఉచ్చు ఉంది. కోఠీ గుజరాతీ గల్లీలో వంద, నూటయాభైకి చిన్న పచ్చబోర్డులు దొరుకుతాయి, వాటి మీదా అదే చిప్ పేరు ఉంటుంది. అవి ఎక్కువగా టీటీఎల్ బోర్డులు, 5 వోల్టులకో 3.3 వోల్టులకో చేసినవి. ఆర్ఎస్-232లో నెగటివ్ వోల్టేజీ కూడా ఉంటుంది. నేరుగా కలిపితే అక్షరాలు తలకిందులుగా రావడం కాదు, బోర్డే పోవచ్చు. మధ్యలో మ్యాక్స్232 లాంటి చిప్ ఉన్నదైతేనే పనికొస్తుంది. అనుమానమా, కేబుల్‌కు 9 పిన్నుల మేల్ కనెక్టర్ బిగించి అమ్మేదే కొనండి.

మీటర్‌తో నోరు, చెవి వెతకడం

ఈ పని మొత్తంలో ఒక్కటి నేర్చుకోవాలంటే ఇది నేర్చుకోండి. 9 పిన్నుల కనెక్టర్‌లో 5వ పిన్ను గ్రౌండ్. 2, 3 పిన్నుల్లో ఒకటి పంపేది, అదే నోరు, ఒకటి అందుకునేది, అదే చెవి. ఏమీ పంపకుండా ఖాళీగా ఉన్నప్పుడు పంపే పిన్ను నెగటివ్‌లో కూర్చుంటుంది, మైనస్ 5 నుంచి మైనస్ 12 మధ్య ఎంతైనా ఉండొచ్చు. వినే పిన్ను దాదాపు సున్నాలో ఉంటుంది.

కాబట్టి మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల్లో పెట్టి, నల్ల ప్రోబ్ 5 మీద ఉంచి, ఎర్ర ప్రోబ్‌తో డబ్బా వైపు 2, ఆ తర్వాత 3 తాకి చూడండి. నల్లగొండ డబ్బాలో 2 మీద మైనస్ 8.9 చూపించింది, 3 మీద 0.1. అంటే డబ్బా నోరు 2 దగ్గర ఉంది. యూఎస్‌బీ అడాప్టర్ ఎప్పుడూ కంప్యూటర్ తరఫున మాట్లాడుతుంది కాబట్టి దాని నోరు 3, చెవి 2. ఇటు నోరు 2, అటు చెవి 2, సరిపోయింది, నేరు కేబుల్ చాలు. అదే డబ్బా వైపు కూడా 3 మీదే మైనస్ వస్తే ఇద్దరి నోళ్లూ ఒకే వైరు మీద ఉన్నట్టు, అప్పుడు 2, 3 మార్చిన క్రాస్ కేబుల్ కావాలి, దాన్నే నల్ మోడెమ్ కేబుల్ అంటారు. 25 పిన్నుల కనెక్టర్ అయితే గ్రౌండ్ 5 కాదు, 7. కొలవాల్సినవి మాత్రం మళ్లీ 2, 3 పిన్నులే.

అడాప్టర్ వైపు కొలిచేటప్పుడు మాత్రం సాఫ్ట్‌వేర్‌లో పోర్టు తెరిచి ఉంచి కొలవండి, కొన్ని అడాప్టర్లు పని లేనప్పుడు వోల్టేజీ ఆపేసి పడుకుంటాయి. మిగతా పిన్నులు చూసి కంగారు పడొద్దు, 4, 7 మీద కూడా మైనస్ కనబడొచ్చు, వాటికీ దీనికీ సంబంధం లేదు.

ఇప్పుడు నా తప్పు సంగతి. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో ఇదే పని, డబ్బాకూ అడాప్టర్‌కూ ఇద్దరికీ నోరు 3 మీదే ఉంది. సంచిలోంచి క్రాస్ జాయింట్ తీసి తగిలించాను. ఒక్క అక్షరం రాదు. స్పీడు మార్చాను, డ్రైవర్ మార్చాను, ల్యాప్‌టాప్ మార్చాను, మూడు గంటలు పోయాయి, గుమాస్తా రెండోసారి చాయ్ తెప్పించాడు. తీరా చూస్తే వాళ్ల పాత కేబులే లోపల క్రాస్ చేసి ఉంది. క్రాస్ మీద క్రాస్ పడితే నేరు అయిపోతుంది కదా. అప్పటినుంచి కేబుల్ రంగు, పొడవు చూసి నమ్మడం మానేశాను, ప్రతి కేబుల్‌నూ కంటిన్యుటీలో పెట్టి ఏ పిన్ను ఎటు పోతోందో బీప్‌తో చూసుకుంటాను.

మూడు వైర్లు సరిగ్గా ఉన్నా కొన్ని డబ్బాలు పలకవు. అవి ప్రింటర్ కోసం చేసినవి, అవతల ప్రింటర్ సిద్ధంగా ఉందన్న సైగ వస్తే తప్ప పంపవు. అప్పుడు డబ్బా వైపు 9 పిన్నుల కనెక్టర్‌లో 7, 8 రెండూ కలిపి, 1, 4, 6 మూడూ కలిపి సోల్డర్ పెట్టండి. డబ్బా తన సైగే తనకు తిరిగొచ్చి సిద్ధమనుకుంటుంది.

డ్రైవర్, కామ్ నంబరు

అడాప్టర్ గుచ్చాక డివైస్ మేనేజర్‌లో పోర్టుల కింద కామ్ 3, కామ్ 7 అని ఏదో నంబరు వస్తుంది. పాత కాల్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లలో కొన్నిటికి కామ్ 1 నుంచి 4 దాకానే తెలుసు. పోర్టు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, పోర్ట్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి నంబరు తగ్గించండి.

ఎఫ్‌టీడీఐ ఎందుకు ఇష్టమంటే, అందులో ఒక్కో అడాప్టర్‌కు ఒక్కో సీరియల్ నంబరు ఉంటుంది, దాన్ని ఏ యూఎస్‌బీ సాకెట్‌లో పెట్టినా విండోస్ పాత కామ్ నంబరే ఇస్తుంది. సీహెచ్340కి మామూలుగా అది ఉండదు. ఊడ్చేటప్పుడు ఊడొచ్చిన కేబుల్‌ను పక్క సాకెట్‌లో పెడితే నంబరు మారుతుంది, సాఫ్ట్‌వేర్ గుడ్డిదవుతుంది, మీకు మళ్లీ ఫోన్ వస్తుంది. నల్లగొండ నుంచి దేవరకొండకు అరవై కిలోమీటర్ల పైచిలుకు బండి మీద పోయి సాకెట్ మార్చి వచ్చినవాడికి ఈ తేడా విలువ తెలుస్తుంది.

పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కంప్యూటర్ యూఎస్‌బీని ఆపే అనుమతి ఉంటే టిక్ తీసేయండి. స్లీప్ కూడా ఆపేయండి.

మొదట అడాప్టర్‌ను ఒంటరిగా పరీక్షించండి

డబ్బాకు తగిలించకముందే పుట్టీ ప్రోగ్రాం తెరిచి సీరియల్ ఎంచుకుని మీ కామ్ నంబరు ఇవ్వండి. ఫ్లో కంట్రోల్ ఏదీ వద్దని పెట్టండి. అడాప్టర్ 2, 3 పిన్నుల మధ్య ఒక పేపర్ క్లిప్ పెట్టి ఏదో ఒకటి టైప్ చేయండి. టైప్ చేసింది స్క్రీన్ మీద కనబడాలి, క్లిప్ తీస్తే ఆగిపోవాలి. ఇది పాసైతే డ్రైవర్, అడాప్టర్, కామ్ నంబరు మూడూ మంచివే. ఇక వాటి జోలికి పోకండి.

ఇప్పుడు డబ్బాకు తగిలించి 9600 స్పీడు, 8 బిట్లు, పారిటీ లేదు, ఒక స్టాప్ బిట్, ఈ లెక్కతో మొదలుపెట్టండి. ఏదైనా ఎక్స్‌టెన్షన్ నుంచి బయటికి ఒక కాల్ చేసి, అర నిమిషం మాట్లాడి, పెట్టేయండి. పెట్టేశాకే లైను వస్తుంది. కాల్ నడుస్తుండగా స్క్రీన్ వైపు చూసి రావట్లేదని కేబుల్ పీకేవాళ్లను చాలామందిని చూశాను. ఇలా ఉంటుంది ఆ లైను:

12/04/24 10:42 105 02 08542XXXXXX 00:03:25

105 ఎక్స్‌టెన్షన్ నుంచి 2వ ట్రంక్ మీద మహబూబ్‌నగర్‌కు మూడు నిమిషాల ఇరవై అయిదు సెకన్లు. కంపెనీని బట్టి వరస కొంచెం మారుతుంది.

లైనుకు బదులు పిచ్చి గుర్తులు వస్తే సంతోషించండి, వైర్లు సరిగ్గా ఉన్నాయన్నమాట. స్పీడే తేడా. 4800, 2400, 1200 వరసగా మార్చి ప్రతిసారీ ఒక కాల్ చేయండి. సగం అక్షరాలు సరిగ్గా, సగం చెత్తగా వస్తే స్పీడు కాదు పారిటీ, 7 బిట్లు, ఈవెన్ పారిటీ పెట్టి చూడండి. అసలేమీ రాకపోతే మళ్లీ మీటర్ దగ్గరికి, అది కూడా సరిగ్గా ఉంటే డబ్బా ప్రోగ్రామింగ్‌లో ఎస్ఎండీఆర్ ప్రింటింగ్ ఆపేసి ఉందేమో చూడండి. మన డబ్బాల్లో చాలావాటిలో అవుట్‌గోయింగ్‌కు వేరే, ఇన్‌కమింగ్‌కు వేరే స్విచ్ ఉంటుంది.

లైన్లు వస్తున్నాయి కానీ తేదీ ఎప్పటిదో చూపిస్తే లోపల బ్యాకప్ సెల్ అయిపోయినట్టు. కొన్ని బోర్డుల్లో అది తీసి పెట్టుకునే సెల్, కొన్నిట్లో సోల్డర్ చేసి ఉంటుంది. మార్చేముందు ప్రోగ్రామింగ్ మొత్తం కాగితం మీద రాసుకోండి లేదా బ్యాకప్ తీసుకోండి, లేకపోతే ఎక్స్‌టెన్షన్ నంబర్లన్నీ మొదటికొస్తాయి.

డబ్బా కింద, కంప్యూటర్ మూడో అంతస్తులో ఉంటే

ఆర్ఎస్-232కి 15 మీటర్ల దాకా బెంగ లేదు. అంతకు మించితే కేబుల్ లాగకండి, డబ్బా పక్కనే ఒక సీరియల్ డివైస్ సర్వర్ పెట్టండి, మోక్సా ఎన్‌పోర్ట్ లాంటిది. ఒకవైపు సీరియల్, ఇంకోవైపు ల్యాన్. దాన్ని టీసీపీ సర్వర్ మోడ్‌లో పెడితే మోక్సాలో మామూలుగా 4001 పోర్టు మీద డేటా వస్తుంది, పుట్టీలో సీరియల్‌కు బదులు "రా" (Raw) ఎంచుకుని దాని ఐపీ ఇస్తే అవే లైన్లు కనబడతాయి. పాత సాఫ్ట్‌వేర్‌కు కామ్ పోర్టే కావాలంటే కంపెనీ ఇచ్చే వర్చువల్ కామ్ డ్రైవర్ వేయండి, దానికి తేడా తెలియదు.

డబ్బా సీరియల్ జాక్ ల్యాన్ జాక్‌లా ఉందని నేరుగా నెట్‌వర్క్ స్విచ్‌లో గుచ్చితే ఏమీ రాదు. ఆకారం ఒకటే, భాష వేరు.

ఇక లైన్ల వైపు

కాల్ లెక్క తేలింది. ఈమధ్య ప్రతి సైటులో రెండో పని కూడా వెంటే వస్తోంది, రాగి లైన్ తీసేసి ఫైబర్ ఇచ్చారు, పాత డబ్బా దానికి పనికొస్తుందా అని. పనికొస్తుంది. ఫైబర్ డబ్బా వెనక ఫోన్ పోర్టును ఈపీఏబీఎక్స్ ట్రంక్ పోర్టుకు కలపాలి. ఎక్స్‌టెన్షన్ పోర్టుకు కాదు. ఫైబర్ డబ్బా ఫోన్ పోర్టు కరెంటు ఇచ్చేది, ట్రంక్ పోర్టు పుచ్చుకునేది. ఎక్స్‌టెన్షన్ కూడా ఇచ్చేదే, ఇచ్చేవి రెండూ ఎదురెదురుగా పెడితే పనిచేయదు, ఏదో ఒకటి కాలొచ్చు కూడా. ఇంటర్నెట్ ఫోన్ కనెక్షన్ అయితే మధ్యలో గ్రాండ్‌స్ట్రీమ్ హెచ్‌టీ801 లాంటి ఏటీఏ (ఇంటర్నెట్ ఫోన్‌ను మామూలు ఫోన్ లైన్‌గా మార్చే చిన్న పెట్టె) పెట్టుకోండి, దాని ఫోన్ పోర్టూ ఇచ్చేదే.

తర్వాత ట్రంక్‌ను పల్స్ నుంచి టోన్‌కు మార్చండి. కాలర్ నంబరు రాకపోతే ఆ నంబరు పంపే పద్ధతి, ఎఫ్‌ఎస్‌కేనా డీటీఎంఎఫా అన్నది, డబ్బాలోనూ ఏటీఏలోనూ ఒకటే ఉందా చూడండి, మన దగ్గర రెండూ వాడకంలో ఉన్నాయి. అవతలివాళ్లు పెట్టేసినా ట్రంక్ ఖాళీ కాకుండా ఇరుక్కుంటే బిజీ టోన్ చూడండి. ఇండియాలో అది 400 హెర్ట్జ్, 0.75 సెకను మోత, 0.75 సెకను ఆపు. అమెరికా టోన్లతో వచ్చిన ఏటీఏను అలాగే వదిలేస్తే డబ్బాకు అది బిజీ అని తెలియదు, లైన్ పట్టుకునే కూర్చుంటుంది.

అందరూ మరిచిపోయేది సున్నా. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేయాలంటే ముందు 0 కొట్టాలి. పాత డబ్బాల్లో ఎస్టీడీ లాక్ అంటే 0తో మొదలయ్యే నంబర్లన్నీ ఆపడమే. ఆ లాక్ అలాగే ఉంటే ఆ ఎక్స్‌టెన్షన్ నుంచి ఒక్క మొబైల్‌కూ కాల్ పోదు, జనం లైన్ పోయిందనుకుంటారు. మొబైల్ ఒక్కటే వదిలి ఎస్టీడీ ఆపుదామంటే మన వైపు కుదరదు, నల్లగొండ కోడ్ 08682, సూర్యాపేట 08684, మహబూబ్‌నగర్ 08542, 8తో మొదలయ్యే మొబైల్‌కు 0 కలిపినా 08యే, అంకెల లెక్క కూడా పదకొండే. అందుకని 0 తీసేసి 00 ఒక్కటి ఆపండి, ఐఎస్డీ ఆగిపోతుంది, మిగతా కాల్స్ వెళ్తాయి.

రాగి లైన్‌కు కరెంటు ఎక్స్‌ఛేంజ్ నుంచే వచ్చేది, ఊళ్లో కరెంటు పోయినా ఫోన్ బతికేది. ఫైబర్ డబ్బాకు అది లేదు. ఈపీఏబీఎక్స్, ఫైబర్ డబ్బా, ఏటీఏ, మధ్యలో ఉన్న స్విచ్, అన్నీ ఒకే యూపీఎస్ మీద ఉండాలి. ఆసుపత్రి అయితే పని అయ్యాక మెయిన్ ఆపి ఒక కాల్ లోపలికి, ఒక కాల్ బయటికి చేసి చూసుకోండి, 112, 108 నంబర్లు లాక్‌లో ఇరుక్కోకుండా ప్రోగ్రామింగ్‌లో అనుమతించి ఉన్నాయా చూడండి. ఏటీఏ పాస్‌వర్డ్ కూడా అప్పుడే మార్చేయండి.

ఏప్రిల్, మే సాయంత్రాలు

ఎండలు ముదిరాక గాలిదుమారం, ఉరుములు మొదలయ్యే రోజుల్లో నా ఫోన్ ఆగదు. మిల్లుల్లో, కోళ్లఫారాల్లో ఎక్స్‌టెన్షన్ వైర్లు ఆరుబయట స్తంభాల మీదుగా పోతాయి, పిడుగు దగ్గర్లో పడితే చాలు ఆ వైర్లలో లేచిన వోల్టేజీ డబ్బాలోకి, అక్కడినుంచి సీరియల్ గ్రౌండ్ మీదుగా కంప్యూటర్ మదర్‌బోర్డ్ దాకా వస్తుంది. బయటికి పోయే ప్రతి వైర్ల జతకూ క్రోన్ (వైర్లు కలిపే బ్లాక్) దగ్గర సర్జ్ ప్రొటెక్టర్ మాగజీన్ పెట్టండి. ఎర్త్ లేకపోతే అది అలంకారమే, కాబట్టి డబ్బా ఎర్త్ స్క్రూ నుంచి ఎర్త్ గుంట దాకా వైరు నిజంగా పోతోందో కళ్లతో చూడండి. కొన్నిచోట్ల అది గోడ వెనక కిటికీ ఊచకు చుట్టి ఉంటుంది. డబ్బు ఉంటే సీరియల్‌కు ఆప్టికల్ ఐసొలేషన్ ఉన్న అడాప్టర్ కొనండి, అప్పుడు డబ్బాకూ కంప్యూటర్‌కూ మధ్య వెలుగే తప్ప వైరు ఉండదు.

వచ్చేముందు డబ్బా మూత లోపలివైపు ఒక స్టిక్కర్ అంటించి పర్మనెంట్ మార్కర్‌తో రాస్తాను. నల్లగొండ డబ్బాలో ఉన్నది ఇది: "9600, 8, పారిటీ లేదు, 1. నేరు కేబుల్. డబ్బా నోరు 2. కామ్ 3, ఎఫ్‌టీడీఐ. 00 లాక్. సెల్ మార్చింది 04/24."